శరత్కాలపు పూదోట: పేర్లు చెప్పు చరిత్ర

చిత్రావతీ తీరమునందలి గోరంట్ల, మాధవరాయ దేవాలయమువలన విజయనగర శిల్పమును పరిశీలించువారికి సుపరిచితమైన పట్టణము. ఒకప్పుడు అనంతపురము జిల్లాలో చేరియుండిన ఈ యూరు 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. శిల్పమును చూడవచ్చినవారు సామాన్యముగా ఊరి పేరును గూర్చి ఆలోచింపరు. కాని ఆ పేరునందొక పూలపొద దాగియున్నది. 'గోరంట' బహువచనమై, సంబంధార్థమున 'గోరంట్ల' యైనదని పదస్వరూపమును బట్టి చెప్పవచ్చును. చెట్టుచేమల పేర్లు ఊళ్లకగుట తెలుగునాట సర్వసాధారణము. సమీపమునందలి కదిరి పేరును ఖదిరవృక్షముతో ముడిపెట్టుట అందరు నెరిగినదే.

గోరంట శరత్తునుండి హేమంతమువరకు పూచు మొక్క. ఊరికే పేరైన ఈ మొక్కను ఆధారము చేసికొని మేము ఈ వ్యాసమున విచారింప దలచిన విషయమొక్కటి. శరత్కాలమున మన పెరళ్లకును గుడితోటలకును రంగును పొంకమును చేకూర్చు మొక్కలలో ఏవి చిరకాలమునుండి ఈ నేలనున్నవి, ఏవి తరువాత వచ్చి చేరినవి, ఈ భేదమును వాని పేర్లు ఎంతవరకు తెలుపగలవు? ఇది కేవలము తోటపనివారి ప్రశ్న కాదు. ప్రబంధములకు వ్యాఖ్య వ్రాయువారికిని, సాంఘికచరిత్ర రచించువారికిని దీనితో పనియున్నది. నేటి తోటను కన్నులయందు నిలుపుకొని నాటి కావ్యమును చదివినచో, కవి చూడని పువ్వును కవిచేత చూపించినవారమగుదుము.

ముందుగా ఋతువును గూర్చి కొంత చెప్పవలసియున్నది. వసంతము పుష్పసమయమని కవులందరి సమ్మతి. కాని గోరంట్ల ప్రాంతమున నేల ఆ మాటను అంగీకరింపదు. పడమటి కనుమల చాటుననున్న ఈ మండలమున సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందును సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే వాన హెచ్చు. చైత్రవైశాఖములలో బావులడుగంటిన వేళ తోటకు కళ యుండదు. భాద్రపదపు వానలు కురిసి, ఆశ్వయుజ కార్తికములలో ఎండ తెల్లబడినప్పుడే ఎఱ్ఱనేల పచ్చబడి పువ్వు తొడుగును. మఱియొక కారణమును కలదు. చేమంతి వంటి మొక్కలకు పగటిపొద్దు తగ్గి రాత్రి పెరుగుటయే మొగ్గ వేయుటకు సంకేతము. నీరు, పొద్దు రెండును కూడివచ్చు కాలము శరత్తు. కావున కావ్యములలో వసంతమునకు గల స్థానము ఈ సీమలోని తోటలో శరత్తుదే.

శరత్తునకు చెందిన ప్రాచీనపు మొక్కలలో పెక్కులు తోటలోనివి కావు, ఏటిగట్టువి, చేనిగట్టువి. కాళిదాసు ఋతుసంహారమున మూడవ సర్గ శరద్వర్ణనము. అందు కాశము, సప్తపర్ణము, బంధుజీవము మున్నగునవి కానవచ్చును. కాశమనగా మన రెల్లు. వాన వెలిసిన పిదప ఇసుకమేటలయందు దాని తెల్లని కుచ్చులు గాలికి వంగుచు లేచుచునుండును. రంగుకంటె మెత్తదనముచేతనే అది చూపును పట్టును. సప్తపర్ణము ఏడాకుల పొన్న. ఒక్కొక్క కణుపు చుట్టును గుంపుగా అమరిన ఆకుల వరుసయే దాని యందము. బంధుజీవము మంకెన, మధ్యాహ్నమున విచ్చుకొను ఎఱ్ఱని పువ్వు. వీనికి తెలుగునాట గునుగును తంగేడును చేర్చవలెను. గునుగు జొన్నచేలలో కలుపుమొక్కగా మొలచి, వెండియంచులో గులాబివన్నె కలిసిన వెన్నులను ఎత్తును. దాని జాతిదే తోటలలో పెంచు కోడిజుట్టు పువ్వు; మడతలు మడతలుగా ముడుచుకొన్న ఆ తల పట్టుగుడ్డను తాకినట్లుండును. తంగేడు బంజరుభూమికి బంగారుపూత. తెలంగాణమున బతుకమ్మను పేర్చునది ఈ గునుగుతోడను తంగేడుతోడనే. 2014లో రాష్ట్రపండుగగా గుర్తింపబడిన ఆ పండుగ, చేనిగట్టు పువ్వును పూజాస్థానమున నిలుపుటచేత మన విచారమునకు ముఖ్యమైన సాక్ష్యము.

ఇక గోరంట. అమరకోశమున వనౌషధివర్గము ఈ పొదను రంగును బట్టి విడదీసి చెప్పినది. ఎఱ్ఱనిది కురవకము, పచ్చనిది కురంటకము, నీలిది బాణము. తెలుగువారును అట్లే పచ్చగోరంట, నీలిగోరంట, తెల్లగోరంట యని పిలిచిరి. పచ్చపువ్వులు పూచు ముళ్లగోరంటకు వృక్షశాస్త్రమున బార్లేరియా ప్రయోనైటిస్ అనియు, నీలిపువ్వుల దానికి బార్లేరియా క్రిస్టేటా అనియు పేర్లు. 1753లో లిన్నేయసు ప్రకటించిన ఈ జాతినామము 17వ శతాబ్దికి చెందిన బారెలియే యను ఫ్రెంచి సన్యాసి పేరుమీద వెలసినది. చేతులకు పెట్టుకొను గోరింటాకు వేరు కుటుంబపు మొక్క. గోటికి అంటునది గోరింట యను వ్యుత్పత్తి ఆ యాకునకు చక్కగా పొసగును, ముళ్లగోరంటకు పొసగదు. కురంటకము, గోరంట అను రెండు మాటల పోలిక మాత్రము పూలగోరంట విషయమున విస్మరింపరానిది. ఊరి పేరులోనిది పూలగోరంటయే యని మా యభిప్రాయము. ఊళ్లకు పేరైన చింత, తుమ్మ, మఱ్ఱి మొదలగునవి నాటకయే మొలచి పెరుగునవి. కంచెలయందును రాళ్లనేలయందును తనంత తాను బ్రతుకు ముళ్లగోరంట ఆ కోవకు చెందినది.

ఇచ్చట పరిశోధకుడు జాగరూకుడు కావలసిన చోటొకటి యున్నది. కవిసమయమున కురవకము స్త్రీ ఆలింగనముచేత పూచునది, వసంతమున పూచునది. దోహదవర్ణనము చేసిన తెలుగు ప్రబంధకవులును ఆ సంప్రదాయమునే పాటించిరి. గోరంట్ల కంచెమీది నీలిగోరంట మాత్రము కార్తిక మార్గశిరములలో పూచును. కావ్యమున వసంతము, కంచెమీద శరద్ధేమంతములు. ఈ రెంటిని సమన్వయింపకయే 'కురవకము = గోరంట' యని టీక వ్రాయుట పరిపాటియైనది. కవి కన్నులార చూచి వర్ణించెనా, కవిసమయమును బట్టి వర్ణించెనా యను ప్రశ్నకు అట్టి టీక తావీయదు. ఋతువు కుదురనిచోట మొక్క వేరైన కావలెను, వర్ణనము సంప్రదాయమునుండి వచ్చినదైన కావలెను. ఏది యనునది స్థలమునుబట్టి నిర్ణయింపవలసినదే కాని నిఘంటువును చూచి దాటవేయరాదు.

కావ్యమునుండి చరిత్రకు వత్తము. విజయనగర రాజుల పెద్దపండుగయైన మహానవమి శరత్తునందలిదే. 1443లో ఆ నగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, అచ్చటివారికి గులాబులు అన్నమువలె అత్యవసరములని వ్రాసెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, సెప్టెంబరు 12న ఆరంభమైన తొమ్మిదినాళ్ల యుత్సవమును వర్ణించుచు, రాయలు బుట్టలోని తెల్లగులాబులను మూడు గుప్పెళ్లు తీసి పట్టపు గుఱ్ఱములపై చల్లెనని చెప్పెను. విదేశీయులు గులాబి యనిన దానినెల్ల మనము గులాబి యనియే గ్రహింపనక్కరలేదు. కాని వారు చూచియుండుటకు వీలులేని పువ్వు ఏదో మనము నిశ్చయముగా చెప్పగలము. అది బంతి. బంతి మెక్సికో దేశపు మొక్క. స్పెయినువారు ఆజ్టెకుల రాజధానిని వశపరచుకొనినది 1521లో. కృష్ణదేవరాయల పాలనము 1509 మొదలు 1529 వరకు. పేయిస్ చూచిన మహానవమినాటికి ఆ పువ్వు మన తీరమును చేరియుండుట యసంభవము.

ఈ మాటకు గల ఫలితము చిన్నది కాదు. ఆముక్తమాల్యదలో గ్రీష్మ వర్ష శరదృతువుల వర్ణనలు కలవు. కథకు మూలమే పూలమాల. విష్ణుచిత్తుని కైంకర్యమే పూదోట. ఆ గ్రంథమును బోధించునపుడు విద్యార్థి మనసున మెదలు మాల సామాన్యముగా బంతిచేమంతుల మాలయే. రంగస్థలమున రాయల కొలువుకూటమునకు బంతితోరణములు కట్టినచో అది కాలవిరోధమే. 1565 నాటి రాక్షసితంగడి యుద్ధము పిమ్మట తిరుమలరాయలు పెనుకొండకు తరలివచ్చెను. ఆ తరువాతి తరముల తోటలకును రాయలనాటి తోటకును భేదముండుటకు వీలుగలదని చరిత్రకారుడు గుర్తుంచుకొనవలెను.

బంతి యను పేరే దాని రాకడను చెప్పుచున్నది. ఆటకు వాడు బంతి ముందు, పువ్వు తరువాత. గుండ్రని ఆకారమును చూచి ప్రజలు పెట్టిన పేరది. రెక్కలు కొలదిగా నుండిన రెక్కబంతి, నిండుగా నుండిన ముద్దబంతి. కన్నడమున 'చెండు హూవు' అనినను భావమదే, చెండనగా బంతి. తమిళమున 'తులుక్క చామంతి' యందురు. అనగా తురకల చేమంతి. తెచ్చినవారు పరాయివారను తలంపు అందున్నది గాని, ఆ పరాయివారెవరో ఆ పేరు సరిగా చెప్పలేదు. ఐరోపావారును ఇట్లే పొరబడిరి. 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ తన మూలికాగ్రంథమున ఈ జాతి పువ్వును ఇండియాదిగా పేర్కొనెను. ఆంగ్లమున పెద్దబంతిని ఆఫ్రికాకును, చిన్నదానిని ఫ్రాన్సునకును అంటగట్టిరి. పుట్టినచోట మాత్రము దానికి 'సెంపోవాల్‌షోచిట్ల్', అనగా ఇరువది రేకుల పువ్వు అని పేరు. అచ్చటను అది శరత్తు పువ్వే. నవంబరు ఆరంభమున మృతులను స్మరించు పండుగకు దానిని పరతురు. మన యింట అదే పువ్వు దసరాకును దీపావళికిని గుమ్మమెక్కినది.

బంతి యొక్కటియే కాదు. అమెరికా ఖండములనుండి వచ్చిన సంధ్యాపుష్పమునకు మనవారు 'చంద్రకాంత' యని సంస్కృతనామ మిచ్చిరి. ప్రాచీనకావ్యమున చంద్రకాంత మనగా శిలయే కాని పువ్వు కాదని విద్యార్థికి చెప్పవలసియున్నది. అమెరికా ఖండములదే యైన మరియొక మొక్కకు 'మెట్టతామర' యని పేరు. నీరు లేక పెరుగు వెడల్పాటి ఆకులును, ఎఱ్ఱని పూలును గల దానిని చూచి, తెలిసిన తామరతో పోల్చి తెలియని దానిని ఇంటిదిగా చేసికొనిరి. వాడినను వన్నె తరుగని 'బొగడబంతి' పేరు మఱింత విచిత్రము. బొగడ మన పాతచెట్టు, బంతి కొత్తపువ్వు, రెండును కలిసి మూడవ మొక్కకు పేరైనవి. బంతి తెలుగున స్థిరపడిన పిదపనే ఈ సమాసము పుట్టియుండవలెను. ఇట్లు పేర్లలో ఒకదానిపైనొకటి పేరుకొనిన పొరలు కనబడుచున్నవి. చేమంతి కథ వేరు. దాని జన్మస్థానము చీనా ప్రాంతము. 'సేవంతి' యను మాటకు చెందిన రూపములు హిందీలో తెల్లగులాబికిని, మరాఠీ కన్నడ తెలుగులలో చేమంతికిని చెల్లుచున్నవి. మాట యొకటియే, అది చెప్పు వస్తువు మారినది. కనుక ప్రాచీనమైన పాఠమున సేవంతి కనబడినంతమాత్రమున నేటి చేమంతిని అందు నాటరాదు.

ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. వర్ణనాత్మకమైన పేరు దేశీయమైన మొక్కకును ఉండును గదా, కోడిజుట్టు, నూరువరహాలు మున్నగునవి అట్టివే గదా యని యడుగవచ్చును. నిజమే. పేరొక్కటియే ప్రమాణము కాజాలదు. పేరు వర్ణనాత్మకమై, ప్రాచీననిఘంటువులలో ఆ వస్తువు లేక, వృక్షశాస్త్రము దాని పుట్టుకను దేశాంతరమున చూపినప్పుడు, ఈ మూడును కలిసి ప్రమాణమగును. బంతి, మెట్టతామర, బొగడబంతి ఈ మూడు పరీక్షలకును నిలుచును. చంద్రకాంత విషయమున నిఘంటువులో మాటయున్నను వస్తువు వేరు. నూరువరహాలు మొదటి పరీక్షయందు నెగ్గి, మూడవదానియందు ఆగిపోవును. అది ఈ దేశపు మొక్కయే.

పై నిర్ణయమును బలపరచు సాక్ష్యము పండుగలయందే లభించుచున్నది. శరత్తునకు ముంగిటనున్న వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రములతో పూజ చేయుదుము. మాచీపత్రము మొదలు అర్కపత్రము వరకు గల ఆ పట్టికలో పోర్చుగీసు ఓడలతో వచ్చిన మొక్క ఒక్కటియు లేదు. ఆ పట్టిక ఆకులది, పువ్వులది కాదు. గరిక సన్నదనము, మారేడు మూడాకుల నునుపు, జమ్మి చిట్టియాకులు, మాచిపత్రి మీది బూడిదవన్నె, మరువపు వాసన ఇవన్నియు చేతికి తెలియు తోట యది. అదే యింటి గుమ్మమున మాత్రము తోరణమంతయు బంతి. మంత్రమున్నచోట పాతమొక్క నిలిచినది. మంత్రము లేనిచోట కొత్తమొక్క ప్రవేశించినది. మాలకట్టువారి చేతిలో ఈ రెండును కలిసినవి. బంతిచేమంతుల నడుమ మరువమును, దవనమును చేర్చికట్టు మాల అట్టిది. చూపునకు రంగిచ్చునది పెక్కుమారులు ఆగంతుకము; ముక్కునకును చేతికిని తెలియునది పురాతనము.

ఇంతవరకు పరాయిమొక్కకు తెలుగుపేరు వచ్చిన వైనమును చూచితిమి. దీనికి విపర్యయమును గోరంట యందే కలదు. నీలిగోరంటను నేడు ఆంధ్రదేశమున పలుచోట్ల 'డిసెంబరు పువ్వు' లనియు, 'డిసెంబరా' లనియు పిలుచుచున్నారు. అమరసింహుడు రంగు రంగునకు పేరు చెప్పిన మొక్క, ఒక యూరికి పేరైన మొక్క, ఆంగ్లమాసము పేరు తగిలించుకొనినది. ఈ సీమ 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైనది మొదలు కచేరీలోను బడిలోను ఆంగ్లమాసములే చెల్లుబడియైనవి. పువ్వు కార్తికముననే మొదలిడినను పేరు మాత్రము డిసెంబరుది. మెక్సికో పువ్వును బంతియని తనదిగా చేసికొనిన భాషయే తన పువ్వును డిసెంబరునకు ఒప్పగించినది. మొదటిది భాష బలము. రెండవదానిని దౌర్బల్యమని నిందించుట తగదు. ప్రజలకు ఏ పేరు నోట నాడునో అదియే పేరు. కాని నష్టము లేదనరాదు. నీలిపూల పొదకు గోరంట యను పేరు మరుగైన తరమునకు గోరంట్ల యను పేరు అర్థము లేని శబ్దమగును. ప్రబంధములోని కురవకము టీకలోని మాటగనే మిగులును. ఊరు, కావ్యము, కంచె ఈ మూటిని కలుపుచున్న మాట అదొక్కటియే.

పరిశోధక విద్యార్థులు ఈ విషయమున చేయదగిన పని కలదు. 18వ శతాబ్ది చివరిభాగమున సామర్లకోటలో నివసించి మొక్కలను పరిశీలించిన విలియం రాక్సుబరో, 1795లో ప్రకటనమునకు మొదలిడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున తెలుగుపేర్లను గూడ నమోదు చేసెను. భాష తనది కాకున్నను, మొక్కను చూచినచోట దాని పేరును అడిగి వ్రాసికొనుట ఆతని పద్ధతి. మాండలికకోశములు కూర్చువారు ఆ పద్ధతిని విడువరాదు. మొక్క పేరు నెత్తికొనునపుడు పూచు నెల, పువ్వు రంగు, ఆకు తీరు, శాస్త్రనామము, ఏ పూజకు చెల్లును దేనికి చెల్లదు అను నైదంశములను వెంట వ్రాయవలెను. ప్రబంధములకు టీక వ్రాయువారు ఋతువు కుదిరినదా లేదా యని చూచి పిదపనే పేరును నిర్ణయింపవలెను. గోరంట్ల, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములలో తెలుగును కన్నడమును ఇంటింట కలిసి మెలగుచున్నవి. ఒకే పొదకు రెండు భాషలలో ఏమందురో అచ్చటి పూలయంగడిలోనే అడిగి తెలిసికొనవచ్చును. రానున్న కార్తికమున ఆ పని మొదలిడినచో పువ్వును చూచుచునే పేరును వ్రాసికొన వీలగును.